క్యాన్సర్ పోయింది.. అమ్మ యాది ఎందుకు తప్పుతున్నది?

మా అమ్మ చదివింది ఏడో తరగతి. అయినా లెక్కల్ల ఆమెను మోసం చేసినోడు లేడు. పొదుపు సంఘంల తొమ్మిదేండ్లు లీడర్‌గ చేసింది. ఎవరు ఎంత కట్టిన్రు, ఎవరికి ఎన్ని కిస్తీలు మిగిలినయి, బ్యాంకుల ఎంత మిత్తి పడ్డది.. పుస్తకం తెరవకుండనే చెప్పేది. ఐకేపీ సెంటర్ల మా వడ్లు కాంటా పెడుతుంటే, రాసేటోళ్లు కాయిదం మీద కూడేలోపే ఎన్ని క్వింటాళ్లు, ఎన్ని పైసలు అని నోటితోనే లెక్క తేల్చేది.

గట్లాంటి అమ్మ, రెండేండ్ల కింద ఒక మీటింగ్ల పది మంది కట్టిన పైసలు మూడుసార్లు లెక్కవెట్టింది. మూడుసార్లు మూడు లెక్కలొచ్చినయి. నాలుగోసారి మొదలువెట్టంగనే ఎవరో కిసుక్కున నవ్విన్రట. ఇంకెవరో "పాపం, క్యాన్సర్ మందులు తలకెక్కినయ్" అన్నరట. ఇంటికొచ్చి సంఘం పుస్తకాలన్నీ సంచిల పెట్టి నా చేతికిచ్చింది. "రేపు పోయి ఇచ్చిరా బిడ్డా. ఇగ నాతోని కాదు" అన్నది.

అప్పటికి ఆమెకు రొమ్ము క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయిపోయి ఏడు నెలలు. ఆపరేషన్ అయింది. ఎనిమిది కీమోలు అయినయి. కరెంట్ పెట్టుడు కూడ అయింది. స్కానింగ్ల ఏం లేదని డాక్టర్ చెప్పిన రోజు మా నాయిన నేరేడుచర్ల సెంటర్ల దోస్తులందరికీ మిఠాయి పంచిండు. పెద్ద గండం గట్టెక్కినమనే అనుకున్నం.

కానీ ఇంట్ల వేరే కథ నడుస్తున్నది. పొయ్యి మీద పాలు పెట్టి మరిసిపోతది. కిరాణం కొట్టు దాక పోయి, ఏం కొనాల్నో యాదికి రాక ఉత్త చేతులతోని తిరిగొస్తది. మాట్లాడుకుంట మాట్లాడుకుంట మధ్యల ఆగిపోతది, "గదేందిరా.. గదీ.." అని ఎతుక్కుంటది. జొన్నలు అనబోయి సజ్జలు అంటది. ఒకేసారి ఇద్దరు మాట్లాడితే తల పట్టుకొని లోపలికి పోతది. నేను కూడ తక్కువ తినలె. "నీ ధ్యాస ఎటున్నదే అమ్మా" అని ఒకటికి రెండుసార్లు కసురుకున్న. ఇయ్యాల ఈ ముచ్చట రాసుడు ఎందుకంటే, నేను చేసిన తప్పు మీరు చెయ్యొద్దని.

నేను డాక్టర్ను కాదు. డిగ్రీ చేసి, మిర్యాలగూడల ఒక రైస్ మిల్లుల కంప్యూటర్ మీద బిల్లులు కొట్టే పని చేస్త. అమ్మ కోసం తెలుసుకున్నది, అడిగి చదివి అర్థం చేసుకున్నది మీకు చెప్తున్న.

ఈ బాధకు ఒక పేరున్నది

మూడు నెలల చెకప్‌కు పోయినప్పుడు, ఒక జూనియర్ డాక్టరమ్మతోని ఈ మతిమరుపు ముచ్చట చెప్పిన. ఆమె ఆశ్చర్యపోలె. "దీన్ని కీమో బ్రెయిన్ అంటరు. చాలామందికి అయితది. వాళ్లు చెప్పరు, మేం అడగం" అన్నది. అమ్మ డిశ్చార్జ్ కాయిదాల్ల ఏ గోలీ ఎప్పుడు ఏసుకోవాల్నో ఉన్నది, ఏం తినాల్నో ఉన్నది. యాదిమరుపు గురించి ఒక్క ముక్క లేకుండె.

కీమో బ్రెయిన్ అనే పేరు ముందు పెట్టింది డాక్టర్లు కాదు, రోగులే. కీమో చేయించుకున్నోళ్లు "మెదడుకు మబ్బు కమ్మినట్టున్నది" అని చెప్పుకున్నరు. చాన ఏండ్లు డాక్టర్లు దాన్ని మనాది కిందనే, బుగులు కిందనే జమకట్టిన్రు. తర్వాత పరీక్షలు చేసి చూస్తే నిజమేనని తేలింది. ఇప్పుడు క్యాన్సర్ డాక్టర్లు దీన్ని ఒక ప్రత్యేకమైన ఇబ్బందిగనే లెక్కపెడుతున్నరు.

ఇది అందరికీ రాదు. వచ్చినోళ్లల్ల కూడ చాలామందికి ట్రీట్‌మెంట్ అయిపోయినంక ఆరు నెలల్నుంచి ఏడాది లోపల మెల్లగ తగ్గుతది. కొంతమందికి మాత్రం ఏండ్లకేండ్లు ఉంటది. ఇబ్బంది ఎక్కువగ నాలుగు తీర్ల కనవడుతది. ఒకటి, కొత్తగ చెప్పింది నిలవదు. రెండు, ధ్యాస ఒక్కకాడ ఉండదు. మూడు, ఏ పనైనా మెల్లగ నడుస్తది, జవాబు నోటికాడికి వచ్చి ఆగుతది. నాలుగు, రెండు మూడు పనులు ఒక్కసారి నడపలేరు. పొయ్యి మీద కూర, చేతుల ఫోన్, వాకిట్ల చుట్టం.. మామూలుగ మన అమ్మలు నిమిషంల సంభాళించే పని, వీళ్లకు కొండంత అయితది.

మన దిక్కు తీరుగ చెప్తా. సాగర్ ఎడమ కాల్వ మన పొలాలకు ప్రాణం. ఒక్కోసారి డ్యాంల నీళ్లు నిండుగనే ఉంటయి. కాని కాల్వల పూడిక పడితే చివరి పొలానికి నీళ్లు అందవు. అట్లని డ్యాం ఎండిపోయిందంటమా? కీమో బ్రెయిన్ ఇంచుమించు గట్లాంటిదే. మా అమ్మకు తెల్సిన లెక్కలు, తొమ్మిదేండ్ల అనుభవం ఎటూ పోలె. అవి టైముకు అందుతలేవు. గంతే. ఇది పిచ్చి కాదు. ముసలితనంల వచ్చే మతిభ్రమణ జబ్బు కాదు. ఒళ్లు బద్ధకం అసలే కాదు.

ఎందుకొస్తది?

పేరు కీమో బ్రెయిన్ అయినా, తప్పంతా కీమోది కాదు. కొంతమందికి కీమో మొదలుగాక ముందే యాది తప్పుడు కనవడ్డది. అంటే క్యాన్సరే ఒంట్ల వాపు గుణం పెంచి, దాంతోని మెదడు మీద బరువు ఏస్తదన్నట్టు. దానికి కీమో మందులు తోడైతయి. రొమ్ము క్యాన్సర్ ఆడోళ్లకు ఏండ్లకేండ్లు ఇచ్చే హార్మోన్ గోలీలు తోడైతయి. కీమోతోని నెలసరి ముందుగాలనే ఆగిపోతే ఒంట్ల వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవుడు మొదలైతయి. ఆపరేషన్, మత్తు మందు, రక్తం తక్కువుండుడు, ఎప్పుడూ ఉండే నీరసం, మళ్లీ వస్తదేమో అనే బుగులు, అప్పుల దిగులు.. ఇవన్నీ కలిసి ఒకే మెదడు మీద పడుతయి.

అందుకే ఎవరికైనా ఇట్ల అయితే, కంప్యూటర్ ముంగట కూసోవెట్టుడు మొదటి పని కాదు. ముందు డాక్టర్ కాడికి తీస్కపోవాలె. రక్తం ఎంతున్నదో చూపియ్యాలె. థైరాయిడ్, బి12 విటమిన్ చూపియ్యాలె. నిద్ర పడుతున్నదా, మనాదిల పడ్డరా, ఏ గోలీలు మింగుతున్నరు అని చూడాలె. వీటిల్ల ఏది దొరికినా మందుతోని సరయ్యే అవకాశం ఉంటది. మా అమ్మకు రక్తం తక్కువున్నట్టు అప్పుడే తెలిసింది.

ఇంకొక మాట గట్టిగ యాదిల పెట్టుకోవాలె. మతిమరుపుతోని పాటు విపరీతమైన తలనొప్పి, ఆగని వాంతులు, ఫిట్స్, ఒక దిక్కు కాలు చెయ్యి పడిపోయినట్టు అవుడు, చూపు రెండుగ కనవడుడు, ఉన్నట్టుండి మనుషులను గుర్తువట్టకపోవుడు.. వీటిల్ల ఏది ఉన్నా అది మామూలు కీమో బ్రెయిన్ అనుకొని ఇంట్ల కూసోవద్దు. అదే రోజు దవఖానకు పోవాలె.

కంప్యూటర్ తోని మెదడుకు కసరత్తా?

ఆ డాక్టరమ్మనే ఇంకో మాట చెప్పింది. "బయటి దేశాలల్ల కంప్యూటర్ మీద మెదడుకు ట్రైనింగ్ ఇస్తున్నరు. కొందరికి కొంత ఫాయిదా ఉన్నది" అని. నాకు నవ్వొచ్చింది. మనం ఫోన్ల ఆటలాడితే మెదడు పాడైతదని ఇంట్ల తిడుతరు. గదే ఆట అమ్మకు మందెట్ల అయితది?

మామూలు ఆటకు, ఈ ట్రైనింగ్‌కు తేడా ఉన్నది. ఒక తీరు ట్రైనింగ్ చెప్తా. తెర మధ్యల ఒక కారు బొమ్మ, చుట్టూ ఓ మూలకు ఒక రోడ్డు గుర్తు మెరుపు లెక్క వచ్చి మాయమైతయి. మధ్యల వచ్చింది ఏ బండి, గుర్తు ఏ మూలకు వచ్చింది.. రెండూ చెప్పాలె. సరిగ్గ చెప్తే వచ్చేసారి ఇంకా తక్కువ సేపు కనవడుతది. బొమ్మలు ఒకదానికొకటి పోలినట్టు ఉంటయి, చుట్టూ అడ్డం వచ్చే గుర్తులు పెరుగుతయి. తప్పు చెప్తే జర అల్కగ అయితది. అంటే ఎవరి తాకత్‌కు తగ్గట్టు వాళ్లకు, ఎప్పుడూ అంచు మీదనే ఉంచుతది. మరీ అల్కగ ఉంటే మెదడు పని చెయ్యదు. మరీ కష్టమైతే మనిషి ఇడిసిపెడుతది. ఈ రెండిటి మధ్యల నిలవెట్టుడే కంప్యూటర్ చేసే అసలు పని. కాయిదం మీద ఇది చేసుడు కష్టం.

దీని ఎనకాల నమ్మకం ఏందంటే, మెదడు పెద్దయినంక కూడ మారుతది. ఒక పని మళ్ల మళ్ల చేస్తే ఆ దారి గట్టిపడుతది. రోజూ మనుషులు నడిస్తే పొలం గట్టు మీద కాలిబాట పడ్డట్టే.

పరీక్షల్ల ఏం తేలింది?

2012ల అమెరికాల ఇండియానా యూనివర్సిటీ వాళ్లు రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడ్డ 82 మంది ఆడోళ్ల మీద పరీక్ష చేసిన్రు. కొందరికి యాది ఉంచుకునే ఉపాయాలు నేర్పిన్రు. కొందరికి కంప్యూటర్ మీద వేగం పెంచే ట్రైనింగ్ ఇచ్చిన్రు. మిగిలినోళ్లను ఆగమన్నరు. గంట గంట చొప్పున పది క్లాసులు. వేగం ట్రైనింగ్ తీసుకున్నోళ్లకు వేగమే కాదు, యాది కూడ కొంత మెరుగుపడ్డది.

2013ల స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 41 మంది ఆడోళ్లతోని చేసిన్రు. వీళ్లు ఇంటికాడనే కంప్యూటర్ మీద 12 వారాల్ల 48 సార్లు, ఒక్కోసారి 20 నుంచి 30 నిమిషాలు చేసిన్రు. ఆలోచన మార్చుకునే తాకత్, వేగం, మాటలు తట్టుడు బాగుపడ్డయి. కానీ 41 మంది అంటే చిన్న గుంపు. గా లెక్క మీద పెద్ద మాట చెప్పలేం.

వీటికంటె పెద్దది 2017ల వచ్చిన ఆస్ట్రేలియా పరీక్ష. 242 మంది. అందరూ కీమో అయిపోయి ఆరు నెలల్నుంచి ఐదేండ్ల లోపలున్నోళ్లు. అందరూ యాది తప్పుతున్నదని చెప్పినోళ్లే. ఎక్కువ మంది రొమ్ము క్యాన్సర్ వచ్చినోళ్లు. సగం మందికి ఇంట్లనే కంప్యూటర్ ట్రైనింగ్ ఇచ్చిన్రు. వారానికి నాలుగుసార్లు, ఒక్కోసారి 40 నిమిషాలు, 15 వారాలు. లెక్కేస్తే 40 గంటలు. మిగిలిన సగం మందికి మామూలుగ అందే వైద్యమే.

పదిహేను వారాలకు, ట్రైనింగ్ తీసుకున్నోళ్లు "మాకు మతిమరుపు ఇబ్బంది తగ్గింది" అని చెప్పిన్రు. ఆర్నెల్ల తర్వాత అడిగినా ఆ మాటనే చెప్పిన్రు. మనాది, నీరసం కూడ ట్రైనింగ్ అయ్యేసరికి తక్కువైనయి. ఇది మంచి వార్త.

ఇగ రెండో సంగతి కూడ చెప్పాలె. అది దాస్తే నేను మిమ్మల్ని మోసం చేసినట్టే. అదే మనుషులకు యాది పరీక్షలు పెట్టి కొలిస్తే, రెండు గుంపుల నడుమ చెప్పుకోదగ్గ తేడా రాలె. అంటే మనిషికి బతుకుల తేడా తెలుస్తున్నది, పరీక్ష కాయిదం మీద తెలుస్తలేదు. దీన్ని రెండు తీర్ల అర్థం చేసుకోవచ్చు. ఒకటి, రోజువారీ బతుకుల తప్పిపోయే యాదిని గా పరీక్షలు సరిగ్గ పట్టుకోలేవు. రెండు, ట్రైనింగ్ చేస్తున్నమన్న ధైర్యంతోనే కొంత బాగనిపిస్తది. రెండిట్ల కొంత కొంత నిజం ఉండొచ్చు. ఇంకోటి, అక్కడ కూడ చాలామంది 40 గంటలు పూర్తి చెయ్యలె. నీరసంగ ఉన్న మనిషికి వారానికి నాలుగుసార్లు తెర ముంగట కూసునుడు అంత అల్క కాదు.

కాబట్టి నా లెక్క ఏందంటే, ఇది మందు గోలీ కాదు. మోకాలు ఆపరేషన్ అయినోళ్లకు నడక నేర్పినట్టు ఒక సాయం. కొందరికి పనిచేస్తది, కొంతనే పనిచేస్తది.

అమ్మేటోళ్లతోని జాగ్రత్త

ఫోన్ల "మెదడు పదును" అని కొడితే వంద యాప్‌లు వస్తయి. ఇగ యాది పెంచే పొడులు, లేహ్యాలు వేరే. అమెరికాల లుమోసిటీ అనే పెద్ద యాప్ కంపెనీ కథ తెల్సుకోవాలె. స్టాన్‌ఫర్డ్ పరీక్షల వాడింది కూడ ఆ కంపెనీ ఆటలే. అయినా తమ ఆటలు ఆడితే బడిల, పనిల ముందుంటరని, వయసుతోని వచ్చే మతిమరుపు తగ్గుతదని, కీమోతోని వచ్చే ఇబ్బంది కూడ తగ్గుతదని ఆ కంపెనీ ప్రచారం చేసింది. అన్ని మాటలకు సరైన రుజువు లేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకున్నది. 2016 జనవరిల ఆ కంపెనీ 20 లక్షల డాలర్లు కట్టి కేసు తెంపుకున్నది.

ఇండ్ల నేర్చుకునేది ఒకటే. చిన్న పరీక్షల వచ్చిన చిన్న ఫాయిదాను పట్టుకొని, అన్ని రోగాలు పోతయని అమ్మేటోడు మోసగాడు. "పదిహేను రోజుల్ల యాది వాపస్" అని ఎవడన్న అంటే పైసలు జేబుల్నే ఉంచుకోవాలె. క్యాన్సర్ అయిన ఇంట్ల ఎట్లాగూ అప్పులుంటయి. మళ్ల కొత్త అప్పు చేసి యాప్ కొనే అవసరం ఎవరికీ లేదు.

మా ఇంట్ల ఎట్ల నడిచింది

మిల్లుల పాత ల్యాప్‌టాప్ ఒకటి తీసేస్తుంటే తక్కువకు కొన్న. ఏ ప్రోగ్రాం వాడినమో పేరు చెప్పను, చెప్తే ప్రచారం చేసినట్టయితది. అది ఇంగ్లిష్ల ఉన్నది. చెప్పేదంతా నేను తెలుగుల చెప్పి, అమ్మ పక్కన కూసునేది.

మొదటి రోజు ఐదు నిమిషాలకే లేచింది. "ఇదేం ఆట బిడ్డా, రెప్ప కొట్టేలోపు మాయమైతది. నన్ను ఇంకింత పిచ్చిదాన్ని చేస్తున్నవా?" అన్నది. తప్పు నాదే. తప్పు వచ్చినప్పుడల్లా టింగుమని సప్పుడు వస్తుంటే, సంఘంల నవ్విన నవ్వే ఆమెకు వినవడ్డది. సప్పుడు బంద్ చేసిన. తప్పులు రావాలెనని, తప్పులు రాకుంటే కంప్యూటర్ ఇంకా కష్టం చేస్తదని చెప్పిన. "ఓహో, అందరికి తప్పులొస్తయా?" అన్నది. నేను కూసొని ఆడి చూపిచ్చిన. నాకూ వచ్చినయి. అప్పుడు నవ్వింది.

నలభై నిమిషాలు ఆమెతోని కాలె. పొద్దున ఇరవై, రాత్రి తిన్నంక ఇరవై అనుకున్నం. రాత్రి పూట నిద్ర ముంచుకొస్తుంటే తప్పులే తప్పులు. రాత్రిది బంద్ చేసి, పొద్దున నాలుగు గంటల పనంతా అయినంక ఒక్కసారే పెట్టుకున్నం. నాట్ల టైంల రెండు వారాలు అసలే చెయ్యలె. మూడో వారం నుంచి స్కోరు ఎక్కడికక్కడ ఆగింది. ఏడో వారంల మళ్ల కదిలింది.

స్కోరు పెరిగితే ఏంది, పాలు పొంగకుండ ఉంటయా? అసలు పరీక్ష గదే కదా. అందుకే ఆటతోని పాటు ఇంట్ల కూడ కొన్ని మార్చినం. పొయ్యి మీద ఏదన్న పెడితే ఫోన్ల అలారం. తలుపు పక్క గోడకు ఒక సంచి.. తాళం, పాస్ బుక్కు, గోలీలు అన్నీ అండ్లనే. ఆమె కొంగుల ఎప్పుడూ చిన్న నోట్ బుక్కు. ఒకేసారి ఇద్దరం మాట్లాడకుండ నాయినా, నేనూ ఒప్పందం చేసుకున్నం. రక్తానికి గోలీలు మింగింది. పొద్దున కాల్వ గట్టు మీద అరగంట నడక మొదలువెట్టింది. క్యాన్సర్ అయినంక నీరసానికి మందుల కంటె నడకే మేలని డాక్టర్లు చెప్తుంటరు. నిద్ర కూడ జర మంచిగ పట్టింది.

ఐదు నెలలకు మాటలు ఎతుక్కునుడు సగానికి తగ్గింది. పాలు మాత్రం ఇంకా అప్పుడోసారి ఇప్పుడోసారి పొంగుతయి. దేంతోని ఎంత తగ్గిందో తూకమేసి చెప్పలేను. ఆట వల్లనా, రక్తం పెరిగినందుకా, నడకా, నిద్రా, ఉత్తగ రోజులు గడిచినందుకా.. ఒక్క ఇంటి కథతోని తేల్చలేం. అందుకే పైన పరీక్షల ముచ్చట చెప్పిన.

కంప్యూటర్ లేకుంటే?

బెంగళూరుల నిమ్‌హాన్స్ దవఖానల మెదడుకు ట్రైనింగ్ ఇచ్చే పని ఎన్నో ఏండ్ల సంది ఉన్నది. తలకు దెబ్బ తగిలినోళ్ల కోసం, కొన్ని మానసిక జబ్బులున్నోళ్ల కోసం అక్కడి సైకాలజిస్టులు కాయిదం, పెన్సిల్ తోని చేసే కసరత్తులు తయారుచేసిన్రు. ఒక కాయిదం నిండ అక్షరాలుంటయి, చెప్పిన అక్షరాన్ని ఏరి కొట్టేయాలె. కలిపిన గింజలను ఏ రకం ఆ రకం ఏరి పెట్టాలె. టైం చూసుకుంట, తప్పులు లెక్కవెట్టుకుంట రోజుకింత కష్టం పెంచుకుంట పోవాలె. ఇవి కీమో అయినోళ్ల కోసం తయారైనవి కావు, కాబట్టి వాళ్లకు ఇంత పనిచేస్తదని చెప్పలేను. ముచ్చట చెప్తే అమ్మ అన్నది: "నలభై ఏండ్ల సంది బియ్యంల రాళ్లు ఏరుతున్న. గది కూడ డాక్టర్ సదువేనా?"

పనిచేసే తీరు ఒక్కటే. ధ్యాస పెట్టి, టైం పెట్టి, రోజూ చేసుడు, కష్టం కొంచెం కొంచెం పెంచుడు. ఉత్తగ బియ్యం ఏరుకుంట సీరియల్ చూస్తే అది ట్రైనింగ్ కాదు.

సర్కార్‌ను అడగాల్సింది

మన దిక్కు క్యాన్సర్ అంటే హైదరాబాద్ బస్సే. నేరేడుచర్ల నుంచి పోవుడే నాలుగు గంటలు. ఆరోగ్యశ్రీ 2007ల మొదలైంది. తెలంగాణల 2023 డిసెంబర్ల దాన్ని పది లక్షల దాక పెంచిన్రు. ఆపరేషన్, కీమో, రేడియేషన్ లాంటి పెద్ద ఖర్చుకు అది పేదోళ్లకు నిజంగ ఆసరా. రెడ్ హిల్స్ల ఎంఎన్‌జే లాంటి సర్కార్ క్యాన్సర్ దవఖాన మనకున్నది. మనుషులు బతుకుతున్నరు. మంచిదే. ఇప్పుడు అడగాల్సింది, బతికినంక ఎట్ల బతకాలె అని.

2025-26 కేంద్ర బడ్జెట్ల, మూడేండ్లల్ల అన్ని జిల్లా దవఖానల్ల డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడుతమని, మొదటి ఏడాదిల 200 పెడుతమని చెప్పిన్రు. మన సూర్యాపేటల మెడికల్ కాలేజీ ఉన్నది. గసుంటి సెంటర్ల ఒక సైకాలజిస్ట్‌ను పెట్టాలె. కీమో మొదలువెట్టే ముందు, అయిపోయినంక "యాది ఎట్లున్నది" అని అడిగే ఒక కాయిదం పెట్టాలె. ఒక గదిల రెండు కంప్యూటర్లు పెడితే పెద్ద ఖర్చేం కాదు. తెలుగుల నడిచే ట్రైనింగ్ కావాలె, అదీ కార్లు, ఇంగ్లిష్ బోర్డులు కాదు. వడ్లు, బర్లు, ఆర్టీసీ బస్సు, సంఘం పుస్తకం ఉండే బొమ్మలు కావాలె. మన పిల్లలు ఊరూరికీ ఇంజనీరింగ్ చదివినోళ్లు ఉన్నరు. ఈ పని వాళ్లతోని కాదా?

ఇంట్ల పోరగాండ్లం మనమేం చెయ్యాలె?

ఒకటి, తిట్టొద్దు. "ఇప్పుడే చెప్పిన గదనే" అనే మాట బంద్ చెయ్యున్రి. మళ్ల చెప్పున్రి. గంతే.

రెండు, దవఖానకు తోలుకపోయినప్పుడు మీరే ముందు అడగున్రి. అమ్మలు చెప్పరు. ఏం మరిసిపోతున్నరు, ఎన్నిసార్లు, ఎప్పటి సంది అని వారం రోజులు రాసుకొని పోతే డాక్టర్‌కు అల్కగ అర్థమైతది.

మూడు, ఏ ట్రైనింగైనా సరే డాక్టర్‌ను అడిగి మొదలువెట్టున్రి. పైసలు లేకుండ దొరికే వాటితోని చూడున్రి. పక్కన మీరు కూసోవాలె. ఆ అరగంట మీ రీల్స్ల నుంచి తియ్యున్రి.

నాలుగు, మనాది ఎక్కువగ ఉంటే టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యున్రి. ఇది 2022 అక్టోబర్ల సర్కార్ మొదలువెట్టింది. పైసలు పడవు. తెలుగుల మాట్లాడుతరు.

మా అమ్మ మళ్ల లీడర్ కాలె. ఆ పని వేరేటామె చేస్తున్నది. కానీ పోయిన ఎండకాలం నుంచి మీటింగ్‌కు పోతున్నది. పైసలు పదులకు పది కట్టలు కట్టి, క్యాలిక్యులేటర్ మీద కొట్టి, నోట్ బుక్కుల రాసి చెప్తది. మెల్లగనే చెప్తది, కాని లెక్క తప్పుతలేదు.

మొన్న సంఘంల ఒకామె మా ఇంటికొచ్చింది. ఆమెకు కూడ గర్భసంచి క్యాన్సర్‌కు కీమో అయి ఏడాది. అటు ఇటు చూసి, మెల్లగ అడిగింది: "అక్కా, నాకు కూడ ఏం యాదికుంటలేదు. ఇంట్ల చెప్తే తిడుతరని చెప్పలె. నీకెట్ల తగ్గింది?" అమ్మ ఆమెను లోపటికి తోలుకపోయి ల్యాప్‌టాప్ తెరిచింది. నన్ను పిలిచి, "సప్పుడు బంద్ చెయ్ బిడ్డా ముందు" అన్నది.